మొదటి గ్లాసు రోడ్డుకి

"టీ మరగలేదండీ" అన్నాను ఫోన్లో.

"మరుగు లేదా? ఆడవాళ్ళకా, మగవాళ్ళకా?" అంది అవతలి గొంతు.

"ఆడా మగా తేడా లేదండీ. అందరికీ ఇదే పరిస్థితి."

"అయ్యయ్యో! మరి ఇప్పుడు మీరెక్కడున్నారండీ?"

"ఎక్కడుంటాను? అరగంట నుంచీ కప్పు పట్టుకుని ఇక్కడే కూర్చున్నాను."

"కప్పు పట్టుకునా!" ఆ గొంతు జాలితో కరిగిపోయింది. "రాసుకున్నానండి. పైన అర్జంటు అని కూడా రాశానండి. కాస్త ఓర్చుకోండి."

అది మా ఊరి మునిసిపాలిటీ వారి ఫిర్యాదుల ఫోను. నేను కూర్చున్నది మెయిన్ రోడ్డులో కొత్తగా వెలిసిన 'లీఫ్ లాంజ్' అనే కేఫులో. పాలు నా కడుపుకి పడవు. ఒక్క చెంచా పడినా గంటలో పొట్ట తబలా అయిపోతుంది, వాయించేవాడు కూడా అక్కర్లేదు. అందుకని ఇరవయ్యేళ్ళుగా నాది నల్ల టీ. ఆ మాటే చెబితే లాంజ్ వారు పింగాణీ కప్పులో గోరువెచ్చటి నీళ్ళు, పక్కన సాసర్లో దారం కట్టిన బుల్లి కాగితం సంచీ పెట్టి నమస్కారం చేసి వెళ్ళిపోయారు. సంచీని ముంచాను, తేల్చాను, మళ్ళీ ముంచాను. బావిలో పడ్డ చెంబు కోసం పాతాళగరిగె వేసినట్టు వెదికాను. రంగు దొరకలేదు.

మేనేజరు ప్రణీత్‌ని పిలిచి నీళ్ళు ఎందుకు మరగలేదని అడిగాను.

"మా మెషీన్‌లో సిక్స్‌టీ డిగ్రీసే సెట్ చేసి ఉంటుంది సార్. నోరు కాలకూడదని. కస్టమర్ సేఫ్టీ."

మా ఊళ్ళో రెండు డిగ్రీలున్నవాడికే ఉద్యోగం దొరకడం లేదు. ఈ నీళ్ళకి అరవై డిగ్రీలుండీ, ఆకులోంచి ఇంత రంగు దింపడం చేతకాలేదు. ఆ మంటలో ఫోను తీశాను. మునిసిపాలిటీ అన్నమాటలో పాలూ ఉన్నాయి, టీ ఉంది. పాలు లేని టీ అడిగేవాడికి అక్కడ న్యాయం జరగదని ఆ క్షణంలోనే గ్రహించవలసింది. గ్రహించలేదు. గ్రహచారం.

నిజానికి నేను ఆ గుమ్మం తొక్కే మనిషిని కాను. నా టీ అచ్చియమ్మ దగ్గర. మునిసిపలాఫీసు ప్రహరీగోడ పక్కన రోడ్డు వారగా ఆవిడ బడ్డీ. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉంది. నీళ్ళు గిన్నె అంచులు తన్నేలా మరగాలి. అప్పుడు ఆకు వేసి, గిన్నె దించి, మూత పెడుతుంది. పెట్టాక గడియారం చూడదు. తన అయిదుగురు ఆడబిడ్డల్నీ వరసగా తిడుతుంది.

"నా సారె కావిడిలో అరిసెలు లెక్కెట్టిన వరాలూ, నీ నోట్లో నువ్వుగింజ నానకపోనూ..." అంటూ పెద్దామెతో మొదలవుతుంది. ఒక్కొక్కరికీ ఒక్కో చరిత్ర, ఒక్కో దీవెన. అయిదో ఆవిడ తిట్టు ముగిసి మూత తీసేసరికి టీ ఎర్రగా, చిక్కగా, వగరూ సువాసనా సమపాళ్ళలో దిగి ఉంటుంది. ఒక్క ఆడబిడ్డ తగ్గినా పల్చన, ఒక్కరు పెరిగినా చేదు.

ఇంకొకటి. పొద్దున్నే దిగిన మొదటి గ్లాసు ఆవిడ ఎవరికీ ఇవ్వదు, తనూ తాగదు. చెంగు నడుముకి దోపి, రోడ్డు మీదకి వంగి పోసేస్తుంది. ఎందుకని ఒకసారి అడిగాను.

"రోడ్డు మీద బతుకుతున్నాం బాబుగారూ. రోడ్డుకెట్టకుండా మనం తాగుతావేటండి?"

ఆ అచ్చియమ్మ, అయిదో ఆడబిడ్డ కూతురి పెళ్ళికని మూడు రోజులు కోటిపల్లి వెళ్ళింది. ఆ మూడు రోజుల కరువులోనే నేను లాంజ్ పాలయ్యాను. పాలు పడనివాణ్ణి ఎవరి పాలయితే ఏం?

మర్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ భీమశంకరం నా ప్రింటింగ్ ప్రెస్సుకి వచ్చాడు. శుభలేఖలు, దినకర్మ కార్డులతోపాటు మునిసిపాలిటీ ఫారాలు, నోటీసులు అన్నీ నా దగ్గరే అచ్చవుతాయి. అంచేత మనిషి తెలిసినవాడే. కానీ ఆ రోజు తెలియనట్టు నిలబడ్డాడు.

"ఫిర్యాది ముకుందం అనువారు తమరేనా?"

"ఏమయ్యా, నిన్ననేగా నీకు ఫారాలు కట్ట కట్టి ఇచ్చాను!"

"అది సరఫరా. ఇది విచారణ." కాగితం తీశాడు. "లీఫ్ లాంజ్ నందు మరుగు లేదని తెలిపియున్నారు. తనిఖీ చేసితిమి. రెండు మరుగుదొడ్లు కలవు. ఒకటి మా ఆఫీసు మీటింగు హాలు కన్నా బాగుంది. తప్పుడు ఫిర్యాదు ఎందుకిచ్చారు?"

నవ్వు ఆపుకుని విషయం చెప్పాను. మరగనిది నీళ్ళయ్యా, కట్టనిది దొడ్డి కాదు అన్నాను. అతను నవ్వలేదు.

"పోనీ, టీ కూడా మా పరిధిలోదే లెండి. హోటళ్ళన్నీ మావే. ఫైలు అట్ట మీద పేరు మాత్రం మారదు. రాసింది రాసినట్టే."

అక్కడితో అయిపోవలసింది. కానీ మా కమిషనర్ విశ్వంభర్ గారు అప్పుడే ప్రమాణీకరణ మీద మూడు రోజుల శిక్షణ పొంది వచ్చి, దేన్ని ప్రమాణీకరిద్దామా అని ఊరంతా కలయజూస్తున్నారు. నా ఫైలు ఆయన బల్లెక్కింది. నన్ను పిలిపించారు.

"ముకుందం గారూ, మీ ఫిర్యాదు నన్ను కదిలించింది. మనకి కావలసింది టీ కాదు. టీకి సంబంధించిన ఒక వ్యవస్థ."

"నాకు టీ చాలండి."

"అది సంకుచిత దృక్పథం" అన్నారాయన చిరునవ్వుతో, నా జేబుకి ఒక బిళ్ళ తగిలిస్తూ. 'నల్ల టీ ప్రమాణాల కమిటీ, అనధికార సభ్యుడు' అని రాసి ఉంది. కమిటీ అంటే టీ కమ్మీగా ఉండేదని నాకు తెలుసు. తెలిసీ ఆ బిళ్ళ చూసుకుని మురిసిపోయాను. యాభై మూడేళ్ళ జీవితంలో నా పేరు నేనచ్చు వేసుకోకుండా ఎక్కడైనా కనిపించడం అదే మొదలు.

మొదటి సమావేశంలోనే నా తెలివి చూపించాను. సరైన నల్ల టీ ఎలా ఉండాలో తెలియాలంటే అచ్చియమ్మ బడ్డీ చూడండి అన్నాను. పెళ్ళి నుంచి ఆవిడ అప్పుడే తిరిగొచ్చింది. కమిటీ మొత్తం కదిలి గోడ పక్కకి వెళ్ళింది. భీమశంకరం స్టాప్‌వాచీ పట్టుకున్నాడు. అచ్చియమ్మ ఎవరినీ లెక్కచేయకుండా మూత పెట్టి వరాలు దగ్గర మొదలెట్టింది. అయిదో ఆవిడ తిట్టు మామూలుకంటే పొడుగు సాగింది. పెళ్ళిలో ఈవిడ విస్తట్లో బూరె వడ్డించలేదట.

వారంలో ఉత్తర్వు వచ్చింది. నా ప్రెస్సులోనే అచ్చయింది. నాలుగో నిబంధన ఇలా ఉంది: "నీరు పూర్తిగా మరిగిన పిమ్మట ఆకు వేసి, మూతయుంచి, అయిదుగురు ఆడబిడ్డలను క్రమానుగతముగా దూషించుటకు పట్టు కాలము వేచియుండవలెను."

"ఏమయ్యా, నాలుగు నిమిషాలని రాస్తే పోలా?" అన్నాను భీమశంకరంతో.

"నిమిషాలంటే ఎవరి గడియారం వారిదండి. పైగా ఫీల్డులో చూసింది ఇది. చూసింది రాయాలి. చూడనిది రాస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు."

ఆ సాయంత్రమే లీఫ్ లాంజ్ తనిఖీ. బిళ్ళ పెట్టుకుని నేనూ వెళ్ళాను. ప్రణీత్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాకింకా పెళ్ళే కాలేదు సార్. అయినా మగాళ్ళకి ఆడబిడ్డలుండరు కదా సార్!"

"దానికి వివరణ మెమో ఉంది. ఆడబిడ్డ లేదా తత్సమాన బంధువు. పిన్ని ఉందా? మేనత్త?"

"ఉన్నారు సార్. కానీ అందరూ మంచోళ్ళే."

"అది మీ వ్యక్తిగత సమస్య" అని రాసుకున్నాడు భీమశంకరం.

చివరికి ప్రణీత్ కళ్ళు మూసుకుని తన కంపెనీ పైఅధికారులు అయిదుగుర్ని తిట్టాడు. మొదట నసిగాడు గానీ మూడోవాడి దగ్గరికొచ్చేసరికి గొంతు విచ్చుకుంది. అయిదోవాడి దగ్గర కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. తనిఖీ పుస్తకంలో 'నిబంధన సంపూర్ణముగా పాటించబడినది' అని ఎక్కింది. మెషీన్ మాత్రం అరవై డిగ్రీల దగ్గరే ఉంది. తిట్లు మరిగాయి, నీళ్ళు మరగలేదు.

అసలు కథ ఆరో నిబంధనది. ప్రతి దుకాణమూ రోజులో తయారైన మొట్టమొదటి గ్లాసును నమూనాగా పురపాలక సంఘానికి సమర్పించాలి. రెండోది పనికిరాదు. "తర్వాతి గ్లాసుల మీద ముందు గ్లాసుల ప్రభావం ఉంటుంది. మొదటి గ్లాసు ఒక్కటే నిష్పాక్షికం" అని కమిషనర్ గారి సిద్ధాంతం.

పొద్దున ఏడింటికి లాంజ్ నుంచి వచ్చిన గ్లాసుకి మూత బిగించి, లక్క ముద్ర వేసి, పదకొండింటికి నమోదు చేసి, సాయంత్రం నాలుగింటికి కమిటీ రుచి చూసేది. నేనూ చూసేవాణ్ణి. అది నోట్లో పోసుకుంటే ప్రజాసేవ ఎంత చల్లగా ఉంటుందో తెలిసేది. ఫారంలో రుచికి గడి లేదు. 'అందినది', 'అందలేదు' అని రెండే గడులు. అందితే సంతృప్తికరం. లాంజ్ వారిది రోజూ సంతృప్తికరమే.

అచ్చియమ్మది పదకొండు రోజులు వరసగా 'అందలేదు'.

పన్నెండో రోజు తెల్లవారగానే భీమశంకరం సీసా పట్టుకుని బడ్డీ ముందు కాపు కాశాడు. నేను దూరంగా, బిళ్ళ జేబులో దాచుకుని నిలబడ్డాను. అచ్చియమ్మ మొదటి గ్లాసు నింపింది. భీమశంకరం సీసా చాపాడు. ఆవిడ సీసాని తప్పించి రోడ్డు మీదకి వంగింది. ఇతనూ వంగాడు. ధార ఎటు తిరిగితే సీసా అటు తిరిగింది. చూసేవాళ్ళకి కోలాటంలా ఉంది. చివరికి టీ రోడ్డుకి, నాలుగు చుక్కలు భీమశంకరం బూటుకి దక్కాయి.

"సాక్ష్యాన్ని నేలపాలు చేశావ్!"

"నేలపాలు కాదండి, నేలకి టీ. పాలు నేను పొయ్యను కదా" అంది అచ్చియమ్మ. మాటల్ని విరిచే నా వ్యాధి ఆవిడకీ అంటుకుందని అప్పుడే తెలిసింది. "రెండోది ఇస్తాను, పట్టుకెల్లండి."

"రూల్లో మొదటిదే ఉంది."

"మొదటిది మీకిచ్చి, మీ తర్వాత రోడ్డుకెట్టమంటారా? ఎంగిలెట్టమంటారా ఇనస్పెట్రు గారూ? మీ ఇంటో దేవుడికి మీరు తిన్నాకే పెడతారేటి?"

ఆ తర్వాత మూడో రోజున నోటీసు వచ్చింది. వారంలోగా విచారణ. నేరం రుజువైతే బడ్డీ లైసెన్సు రద్దు. మొదటి వాక్యంలోనే "శ్రీ ముకుందం గారి ఫిర్యాదుపై తీసుకున్న చర్యలలో భాగముగా" అని ఉంది. అచ్చియమ్మ ఎవరిచేతో చదివించుకుంది.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి నా వంక చూడలేదు. నీళ్ళు మరిగాయి, ఆకు పడింది, మూత పడింది. వరాలు దగ్గర మొదలై అయిదో ఆవిడా అయిపోయింది. మూత తియ్యలేదు.

"ఆరోవాడు ప్రెస్సోడు!" అంది గిన్నెతో. "ఇరవయ్యేళ్ళు నా చేతి టీ తాగి నా మీదే కాగితమెట్టినోడు. జేబుకి బిళ్ళ కట్టుకుని నా బడ్డీ మీదకి జనాన్ని తోలుకొచ్చినోడు. ఆడి సిరా ఎండిపోనూ, ఆడి అచ్చరాలు ఎలకలెత్తుకుపోనూ..."

నా చరిత్ర అయిదుగురు ఆడబిడ్డల చరిత్రనీ కలిపినంత సాగింది. అప్పుడు మూత తీసి గ్లాసు నా ముందు కొట్టినట్టు పెట్టింది. తారులా ఉంది. వేపకషాయం దాని ముందు పానకం.

"అచ్చియమ్మా, నేను కాగితం పెట్టింది నీ మీద..." అన్నానో లేదో, "తాగి ఎల్లండి, ఎనకాల జనం ఉన్నారు" అంది. తాగాను. ఆ రోజు నుంచీ రోజూ వెళ్ళాను, రోజూ ఆరో తిట్టు విన్నాను, రోజూ చేదు మింగాను. ఆ బడ్డీ పోతే ఆ చేదైనా దొరకదు కదా.

విచారణకి రెండు రోజుల ముందు అభియోగ పత్రం అచ్చుకి నా ప్రెస్సుకే వచ్చింది. ప్రూఫు చూడటం నా జన్మహక్కు. 'సమర్పించకపోవుట'లో పడని వత్తు దిద్దాను, ఒక దీర్ఘం లాగాను, ఒక సున్నా తీసేశాను. తర్వాత అసలు పాఠం చదివాను. రెండు అభియోగాలు ఉన్నాయి. మళ్ళీ చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి చదివాను. ముప్పయ్యేళ్ళ వృత్తిలో మొదటిసారి, పెద్ద తప్పు కళ్ళెదుట పెట్టుకుని దిద్దకుండా అచ్చు కొట్టాను.

విచారణ రోజున మీటింగు హాలు నిండిపోయింది. అచ్చియమ్మ ఉతికిన చీర కట్టుకుని, లైసెన్సు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుండెలకి హత్తుకుని నిలబడింది. ఆ కాగితం ఇరవై రెండేళ్ళలో మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలయింది. కవరే దాన్ని ఒకటిగా ఉంచుతోంది. భీమశంకరం గొంతు సవరించుకుని చదివాడు.

"అభియోగం ఒకటి. రోజులో మొదటి గ్లాసును పురపాలక సంఘమునకు సమర్పించకపోవుట. అభియోగం రెండు. సదరు మొదటి గ్లాసును పురపాలక సంఘపు ఆస్తియగు రోడ్డుపై ప్రతిదినము పోయుట."

"చెప్పుకునేది ఏమైనా ఉందా?" అన్నారు కమిషనర్ గారు.

"పోసిన మాట నిజవేనండి" అంది అచ్చియమ్మ. "బడ్డీ తీసేత్తే నాకింకో పని రాదండి."

నేను లేచాను. "కమిటీ సభ్యుడిగా ఒక సందేహం. భీమశంకరం గారూ, ఆ రోడ్డు ఎవరిది?"

"అంగుళం అంగుళం మాది!" అన్నాడు ఛాతీ విరిచి.

"దాని మీద పడ్డది?"

"అదీ మాదే. రోడ్డు మీద పడ్డ చెట్టు మాది, చెత్త మాది, పడుకున్న పందీ మాదే. చట్టంలో ఉంది."

"పడ్డ టీ?"

అతను కాగితం వంక చూశాడు. ఒకటో అభియోగం మీద నుంచి రెండో దాని మీదకి, మళ్ళీ ఒకటో దాని మీదకి అతని చూపు, ఆ రోజు సీసా తిరిగినట్టే తిరిగింది.

"అంటే," అన్నాను, "మీకివ్వలేదని ఒక నేరం. మీ రోడ్డు మీదే పోసిందని ఇంకో నేరం. రెండోది నిజమైతే మొదటిది జరగలేదు. ఆవిడ రోజూ ఇస్తోంది, మీరు రోజూ పుచ్చుకుంటున్నారు."

"రుచి చూడలేదు కదండీ!" అన్నాడు భీమశంకరం ఆఖరి గడ్డిపోచ పట్టుకుని.

"మనం నాలుగింటికి చూసేది చల్లారిందయ్యా. రోడ్డు వేడివేడిగా తాగింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా బాగాలేదని ఉమ్మేసిన దాఖలా ఉందా?"

హాల్లో నవ్వులు. కమిషనర్ గారు నవ్వలేదు. కళ్ళు మెరుస్తుండగా నిలబడ్డారు. ఆయనకి వ్యవస్థ కనబడింది.

"నిబంధన పుట్టకముందు నుంచే నిబంధనను పాటించిన దుకాణం ఇది! ఇరవై రెండేళ్ళపాటు, నిరంతరాయంగా, ఆస్తికే నేరుగా సమర్పణ! మధ్యవర్తి లేడు, సీసా లేదు, లక్క లేదు. ఇదే ఆదర్శ నమూనా. అభియోగాలు రద్దు. రేపటి నుంచి ఊళ్ళోని దుకాణాలన్నీ మొదటి గ్లాసును తమ ముందరి రోడ్డుకే సమర్పించవలెను."

చప్పట్లు మోగాయి. అచ్చియమ్మకి ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాలేదు. కవరు మాత్రం మరింత గట్టిగా హత్తుకుంది. కమిషనర్ గారు ఉత్తర్వు రాయడానికి ఫైలు మూసి అట్ట చూసి ఆగిపోయారు.

"ఇదేమిటి? 'లీఫ్ లాంజ్ నందు స్త్రీ పురుషులకు మరుగు లేమి, ఫిర్యాది కప్పు పట్టుకుని కూర్చున్నాడు, అర్జంటు' అని ఉంది? ముకుందం గారూ, ఏమిటిది?"

తప్పలేదు. అందరి ముందూ చెప్పాను. అచ్చియమ్మ పెళ్ళికెళ్ళిన మూడు రోజులూ టీ లేక పిచ్చెత్తి లాంజ్‌కి వెళ్ళానని, అక్కడ టీ మరగలేదని ఫోను చేశానని, అవతలివారికి అది మరుగు లేదని వినబడిందని, ఈ ఊళ్ళో అచ్చియమ్మ టీ గురించి నేను పెట్టిన కాగితమంటూ ఏదీ లేదని. హాలు పడీ పడీ నవ్వింది. ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చునే ఆవిడ వెనక వరసలో మొహానికి ఫైలు అడ్డం పెట్టుకుంది.

అచ్చియమ్మ ఒక్కతే నవ్వలేదు. నా దగ్గరకొచ్చింది.

"నేను లేనని ఆ సంచీ నీల్లు తాగారా?"

"సగం కప్పే."

"సిగ్గులేకపోతే సరి! మూడు రోజులు ఓపిక పట్టలేపోయారా?" అని చెంగుతో కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది. కోపమో, కాదో తేలలేదు.

మర్నాడు తెల్లవారుతూనే వెళ్ళాను. మొదటి గ్లాసు రోడ్డుకి పోసింది. పక్కన భీమశంకరం పుస్తకం తెరిచి, రోడ్డు వంక ఒకసారి చూసి, 'అందినది' అని రాసుకున్నాడు. తర్వాత నా టీ. నీళ్ళు అంచులు తన్నాయి. ఆకు పడింది, మూత పడింది. వరాలు అయింది, రెండో ఆవిడ, మూడో ఆవిడ, నాలుగో ఆవిడ అయ్యారు. అయిదో ఆవిడ బూరెతో సహా అయింది. నేను తల వంచుకుని ఆరో దానికి సిద్ధపడ్డాను.

"ఆరి..." అంది అచ్చియమ్మ.

కళ్ళు మూసుకున్నాను.

"ఆరిపోతాదండి బాబుగారూ, తాగండి."